ఎక్కడికో రాయని కార్డు

నా టోకెన్ నంబరు నలభై ఏడు. కౌంటర్ పైన ఎర్రగా వెలుగుతున్న నంబరు ఇరవై రెండు. రైలు పదకొండింటికి, ఇంకా పదైనా కాలేదు, తొందరేమీ లేదు, తాపీగా కూర్చుని తేల్చుకోవచ్చు అని నాకు నేనే చెప్పుకుంటూ అరగంట నుంచి ఒకే కరపత్రాన్ని మడత పెడుతున్నాను, విప్పుతున్నాను. మడతల దగ్గర కాగితం అప్పుడే తెల్లబడిపోయింది. ఎడమవైపు టికెట్ల వివరాలు, కుడివైపు పాసు వివరాలు. టికెట్ కొంటే ఎక్కే ఊరు, దిగే ఊరు, తేదీ, అన్నీ చెప్పాలి. పాసుకైతే పేరొక్కటీ చెబితే చాలు, ఏడు రోజులపాటు ఎక్కడ కావాలంటే అక్కడ ఎక్కి, ఎక్కడ కావాలంటే అక్కడ దిగొచ్చు. ఇందులో ఇంతగా బుర్ర బద్దలు కొట్టుకోవడానికి ఏముంది? మా ఆయన నిన్ననే ఫోన్లో లెక్క కట్టి పంపాడు, నాలుగు ప్రయాణాలు దాటితే పాసే నయమని, చివర ఒక నవ్వు బొమ్మ కూడా పెట్టాడు. మేం అనుకున్నవి సరిగ్గా నాలుగు. నాలుగు దాటుతాయో దాటవో ఎవరు చెప్పగలరు? అక్కేమో హాల్లోకి వస్తూనే కళ్ళజోడు తీసి నా ముక్కు ముందు ఆడించి, "దీని మర ఊడింది, బయట కళ్ళజోళ్ళ షాపు కనబడింది, బిగించుకొస్తా. ఈలోపు నువ్వు తేల్చెయ్. ఏది కొన్నా నేను నోరెత్తను, సరేనా?" అని వెళ్ళిపోయింది. ఆసుపత్రి మందుల కౌంటర్లో ఇరవై ఏళ్ళుగా మాత్రలు లెక్కపెట్టి ఇచ్చే మనిషి, మా రెండిళ్ళలో కర్టెన్ల రంగు దగ్గర్నుంచి పిల్లల బడి దాకా తనే తేల్చే మనిషి, ఈ ఒక్కటీ నాకెందుకు వదిలేసిందో నాకు తెలుసు. నాకు తెలుసని తనకీ తెలుసు. ముప్ఫై రెండేళ్ళుగా మేమిద్దరం ఆ మాట ఎత్తలేదు.

హాలు పాతది, కప్పు బాగా ఎత్తు. ఇలాంటి చోట శబ్దం పైకి పోయి, కాసేపు అక్కడక్కడే తిరిగి, ఎవరిదో తెలియకుండా కిందికి దిగుతుంది. సూట్‌కేసు చక్రాల చప్పుడు మనిషి దాటిపోయాక వినబడుతుంది. నా పనే అది గనక ఇలాంటివి నా దృష్టి దాటిపోవు. చెవుల క్లినిక్‌లో వినికిడి పరీక్షలు చేస్తాను నేను. కిటికీ లేని చిన్న గది, గోడలకి దళసరి మెత్తలు, లోపల కుర్చీలో మనిషి, చెవులకి హెడ్‌ఫోన్లు, చేతిలో ఒక బటన్. అద్దానికి ఇవతల నేను. సన్నటి కూత వినిపిస్తాను, వినబడితే నొక్కాలి. మధ్యలో కావాలనే కాసేపు ఏమీ వినిపించను. అప్పుడు కూడా నొక్కేవాళ్ళుంటారు. అబద్ధమాడుతున్నారని కాదు, వాళ్ళకి నిజంగానే వినబడుతుంది, మొహం చూస్తే తెలిసిపోతుంది. ఇంట్లో మనిషిని పోగొట్టుకున్నవాళ్ళే అలా ఎక్కువగా నొక్కుతారని నాకో అనుమానం. కాగితం మీద దానికంటూ గడి లేదు, అందుకని అంచున పెన్సిల్‌తో చిన్న చుక్క పెట్టుకుని ఊరుకుంటాను. నాకూ ఉన్నది ఒకటే చెవి. ఆరేళ్ళప్పుడు గవదబిళ్ళలు వచ్చి ఎడమ చెవి మొత్తం పోయింది, ఇప్పుడు దాని పక్కన పళ్ళెం పడేసినా తెలియదు. ఎవరు మాట్లాడినా తల వాల్చి కుడి చెవి అప్పగిస్తాను, అందుకే ఇంట్లో నా పేరు పిచ్చుక. నడిచినా, కూర్చున్నా, తింటున్నా అక్క ఎప్పుడూ నాకు కుడిపక్కనే. ఎవరూ చెప్పక్కర్లేదు, ఆ చోటు తనది. ఇప్పుడా కుడిపక్క కుర్చీలో తన సంచి ఉంది.

అప్పుడు కూడా ఇలాంటి హాలే. ఊరు వేరు, హాలు మాత్రం ఇదే తీరు, ఇదే ఎత్తు. నాకు తొమ్మిదేళ్ళు, అక్కకి పద్నాలుగు. సెలవులకి బయల్దేరాం, నాన్న సామాను దగ్గర నిలబడి పేపరు చదువుతున్నాడు, నేను పెట్టె మీద కూర్చుని కాళ్ళాడిస్తున్నాను. అమ్మ వచ్చి నా ముందు మోకాళ్ళ మీద కూర్చుంది. "పాసు కొందామా, టికెట్లు కొందామా? నువ్వే చెప్పు పిచ్చుకా" అంది. కౌంటర్ అద్దానికి నమూనా పాసు ఒకటి వేలాడుతోంది, ఎర్ర అట్ట, మూలన చిల్లు, మెడలో వేసుకోవడానికి అందులోంచి తెల్ల దారం. టికెట్ అంటే బూడిదరంగు ముక్క, అంతే. ఏ పిల్ల అయినా ఏం చెబుతుంది? పాసు అన్నాను. అమ్మ నా బుగ్గ మీద వేలితో తట్టి, "అయితే పాసే" అని లేచి కౌంటర్ దగ్గరికి వెళ్ళి, నాలుగు ఎర్ర అట్టలు పట్టుకొచ్చింది. నాది స్నానానికి కూడా మెడలోంచి తియ్యలేదు నేను, దారం తడిసి మెడ మీద గీత పడింది.

మూడో రోజు పొద్దున లాడ్జి గదిలో అమ్మ మా ఇద్దరికీ జడలు వేసింది. తన తల దువ్వుకుంది. "అలా కాస్త రైలెక్కి తిరిగొస్తా, భోజనాల వేళకి వచ్చేస్తా" అంది. నాన్న సరే అన్నాడు. అనక ఏం చేస్తాడు, వచ్చింది సెలవులకి, చేతిలో పాసుంది, ఆవిడకి కిటికీ పక్క సీటంటే ప్రాణం. భోజనాల వేళ అయింది, మూడయింది, లాడ్జి గేటు దగ్గర నిలబడి నిలబడి అక్క కాళ్ళు మార్చుకుంటోంది. ఆరింటికి నాన్న మమ్మల్ని తీసుకుని స్టేషన్లో పోలీసుల గదికి వెళ్ళాడు. అక్కడ కూర్చున్నాయన మంచివాడే, నాకు బిస్కట్ ఇచ్చాడు. కాగితం తీసి, పెన్ను మూత విప్పి, "టికెట్ ఎక్కడికి?" అన్నాడు. "టికెట్ కాదండీ, పాసు" అన్నాడు నాన్న. ఆయన నాన్న మొహం కాసేపు చూసి పెన్నుకి మూత పెట్టేశాడు. టిక్ మంది. ఎంత చిన్న చప్పుడది, నా గదిలో వినిపించే కూతల్లో అన్నిటికన్నా సన్నదానిలా, అయినా ఇప్పటికీ నిద్ర పట్టబోయే ముందు ఒక్కోరోజు వినబడుతుంది. టికెట్ అయి ఉంటే ఆ కాగితం మీద ఒక ఊరి పేరు పడేది. ఆ ఊరు వెళ్ళేవాళ్ళం. ఆ ఊళ్ళో వెతికేవాళ్ళం. పేరు లేకుండా చేసింది నేను, పెట్టె మీద కూర్చుని కాళ్ళాడిస్తూ, ఎర్రగా ఉందని. "ఇంట్లో ఏమైనా గొడవలా?" అని ఆయన గొంతు తగ్గించి అడిగితే నాన్న లేవన్నాడు. నిజంగానే లేవు. తర్వాత పిన్ని అంది, పక్కింటివాళ్ళు అన్నారు, అందరిదీ ఒకటే మాట, ఆవిడకేం కష్టమమ్మా, చిలకల్లాంటి పిల్లలు, మాట జవదాటని మొగుడు. కష్టం లేదు. కష్టమంటూ ఏదైనా ఉండి ఉంటే మాకు ఎంత సుఖంగా ఉండేదో.

అయిదు నెలలకి అమ్మ పాసు పోస్టులో వచ్చింది. మరమ్మతుకి పంపిన ఒక బోగీలో సీటు కుట్లలో దొరికిందట. పాసు నిండా చిల్లులు. ఒక్కో టీసీ చేతిలో పంచ్ ఒక్కో ఆకారంలో చిల్లు వేస్తుంది, నక్షత్రం, నెలవంక, ఆకు, మెట్లు, ఏ చిల్లు ఏ లైనుదో తెలిసినవాళ్ళు చెప్పగలరు. మొత్తం పంతొమ్మిది. మాతో తిరిగిన రెండు రోజులు పోను మిగతా రోజులన్నీ అమ్మ రైళ్ళలోనే ఉంది. మేం గేటు దగ్గర నిలబడ్డప్పుడు కూడా ఏదో కిటికీ పక్కన కూర్చునే ఉంది. నాన్న ఆ పాసుని ఒక నల్ల కాగితం మీద అంటించాడు, చిల్లులు స్పష్టంగా కనబడాలని. ప్రతి సెలవుకీ దాన్ని సంచిలో పెట్టుకుని ఒక్కో లైనుకి వెళ్ళి టీసీలకి చూపించేవాడు. రెండు చిల్లులు ఒకే రోజువి, ఒకే వేళవి, ఎదురెదురుగా పోయిన రెండు రైళ్ళవి. అమ్మ ఫోటో చూసి ఇద్దరు టీసీలూ అవును, ఈవిడే, కిటికీ పక్కన కూర్చుంది అన్నారు. నాన్న టైంటేబుల్ ముందేసుకుని ఆ రెంటినీ కలపాలని చూసీ చూసీ వదిలేశాడు. పద్దెనిమిది తేలాయి. ఒకటి తేలలేదు. చేప ఆకారం. పంచ్‌లు బాగుచేసే ముసలాయన ఒకాయన దాన్ని వెలుతురుకి పెట్టి చూసి, "ఇలాంటిది మా దగ్గర లేదు సార్, ఎప్పుడూ లేదు" అని, చేతులు కడుక్కున్నాడట. ఎందుకు కడుక్కున్నాడో నాన్న చెప్పలేదు. నాన్నకి జడలు వెయ్యడం రాలేదు. పది రోజులు తంటాలు పడి, ఒక ఆదివారం మా ఇద్దర్నీ కూర్చోబెట్టి మెడ దాకా కత్తిరించేశాడు. కత్తిరిస్తూ ఏడ్చాడని అక్క అంటుంది. నాకు కత్తెర చప్పుడే గుర్తు. ఆయన పోయి ఎనిమిది నెలలైంది. సామాను సర్దినప్పుడు ఆ నల్ల కాగితాన్ని అక్క తీసుకుంది, నేను గోడ గడియారం తీసుకున్నాను.

ముప్ఫై ఒకటి. మర బిగించడానికి ఇంతసేపా? సంచి జిప్ సగం తెరుచుకుని ఉంది, తొంగి చూడకూడదనుకుంటూనే చూశాను. ఏడు రోజులకి వచ్చిన మనిషి సంచిలో నెలకి సరిపడా బీపీ మాత్రలున్నాయి, రెండు స్వెట్టర్లున్నాయి. ఈ ప్రయాణం తన ఆలోచనే. మనిద్దరం, పిల్లలు వద్దు, మొగుళ్ళు వద్దు అని తనే అంది. రైళ్ళలో తిరుగుదామన్నదీ తనే, మేమిద్దరం బస్సులే తప్ప రైలెక్కని మనుషులం, అప్పటినుంచీ. అక్కకి నలభై ఆరు. అమ్మకి అప్పుడు ముప్ఫై ఎనిమిది. నేను పాసు కొన్నాననుకో, మూడో రోజు పొద్దున అక్క తల దువ్వుకుంటూ అలా తిరిగొస్తా అందనుకో. టికెట్లే కొనాలి. ఎక్కే ఊరు, దిగే ఊరు, తేదీ. అక్క మొహానికి ఒక ఊరి పేరు తగిలించి ఉంచాలి. అలా అనుకోగానే గుండె కుదుటపడింది, కరపత్రాన్ని చివరిసారి మడిచాను.

"పాసా, టికెట్లా?"

పక్కన ఒకావిడ వచ్చి కూర్చుంది. బూడిదరంగు కోటు, ఒళ్ళో చేతిసంచి, దాని మీద చేతులు. నేను కౌంటర్ నంబరు వైపు చూస్తూనే, "ఇంకా తేల్చుకోలేదండీ. టికెట్లే అనుకుంటున్నా" అన్నాను.

"నేనైతే పాసే. టికెట్ అయితే దాని మీద రాసిన చోట దిగిపోవాలి కదా."

"పాసైనా దిగాల్సిందేగా, ఎక్కడో ఒకచోట."

"దిగాలనిపిస్తే," అంది. గొంతులో వెటకారం లేదు. చల్లటి నీళ్ళలో చెయ్యి పెట్టి, బాగుంది, నువ్వూ పెట్టు అన్నట్టుంది. "పిల్లలా?"

"ఒక పాప. పదకొండేళ్ళు."

"అయితే పరవాలేదు. అన్నీ వచ్చే వయసే. జడ ఒక్కటే కష్టం, అది ఎవరో ఒకరు వెయ్యాలి."

నవ్వాను. పాపకి బాబ్ కట్, జడ బాధ లేదు అని చెప్పబోయాను. నంబరు ముప్ఫై నాలుగైంది, ఎవరో పిల్లాణ్ణి ఎత్తుకుని కౌంటర్ వైపు పరుగెత్తారు, ఆ పరుగు చప్పుడు వాళ్ళు ఆగిపోయాక కప్పు మీంచి దిగింది, అప్పుడు తట్టింది నాకు. నేను తల తిప్పలేదు. ఎవరు మాట్లాడినా పిచ్చుకలా వాలే తల ఇప్పుడు వాలలేదు, నిటారుగా ఉంది, నంబరు వైపు. కుడిపక్కన అక్క సంచి ఉంది. ఆవిడ కూర్చున్నది ఎడమపక్కన.

తిరిగి చూడటం ఎంత తేలికైన పని, మెడ తిప్పడమే కదా, రోజూ వెయ్యిసార్లు తిప్పే మెడే. తిప్పాను. ఎడమపక్క ఖాళీ కుర్చీ. దాని అవతల ఖాళీ కుర్చీ. వరస చివర ఒక ముసలాయన చెప్పు విప్పి అరికాలు నొక్కుకుంటున్నాడు. స్టీలు కుర్చీ మీద అరచెయ్యి పెట్టి చూశాను, చల్లగా ఉంది, కానీ స్టీలు ఎవరు లేచినా నిమిషంలో చల్లబడుతుంది, దాన్నిబట్టి ఏమీ తేలదు. వేలు ఎడమ చెవిలో పెట్టి కదిపాను. ఎప్పటిలాగే బావిలో గుడ్డ పడ్డట్టు ఏమీ లేదు. నా గదిలో బటన్ నొక్కిన మొహాలన్నీ గుర్తొచ్చాయి, కూత లేని చోట నొక్కి, నొక్కినందుకు సంతోషపడే మొహాలు. నా కాగితం ఎవరి దగ్గరుందో, అద్దానికి అవతల ఎవరు చుక్క పెట్టుకుంటున్నారో. భయపడాల్సింది కదా, భయం ఎందుకు వెయ్యలేదు? ముప్ఫై అయిదేళ్ళుగా ఎవరూ మాట్లాడని చెవిలో ఎవరో మాట్లాడితే ఒళ్ళు జలదరించాల్సింది పోయి ఎండలోంచి నీడలోకి వచ్చినట్టుంది. దిగాలనిపిస్తే. ఆ మాటని నోట్లో తిప్పి చూసుకున్నాను. అంటే దిగాలనిపించకపోతే దిగక్కర్లేదు. సోమవారం పొద్దున తొమ్మిదింటికి ఆ మెత్తల గది తలుపు తియ్యక్కర్లేదు. ఇంట్లో నాకు లోటేమీ లేదు. మా ఆయన మంచివాడు, నవ్వు బొమ్మలు పంపుతాడు. పాప తెలివైనది. నాకేం కష్టం?

"ఏంటే అలా ఉన్నావు, దెయ్యం పట్టినదానిలా?"

అక్క సంచి తీసి కింద పెట్టి తన చోట్లో కూర్చుంది. కళ్ళజోడు ముక్కు మీద గట్టిగా ఉంది. "సరిపోయే మర ఓ పట్టాన దొరకలేదు, వంద డబ్బాలు వెతికాడు. కొన్నావా?"

"నంబరు రాలేదు."

"తేల్చావా?"

"టికెట్లు," అన్నాను. తర్వాత, ఎందుకో తెలియదు, ముప్ఫై రెండేళ్ళుగా రాని మాట చటుక్కున నోట్లోంచి పడింది. "ఆ రోజు పాసు అన్నది నేనేనక్కా. అమ్మ నన్నే అడిగింది. నేనే పాసు అన్నాను."

అక్క నావైపు తిరిగింది. కోపం వస్తుందనుకున్నాను, ఏడుస్తుందనుకున్నాను. "నువ్వా?" అంది. "నువ్వు పెట్టె మీద నిద్రపోతున్నావు. అడిగింది నన్ను. కౌంటర్ దగ్గర, నా భుజం మీద చెయ్యేసి. నేనన్నాను పాసని. మా క్లాసు పిల్ల దగ్గర ఉండేది అలాంటిది, దానికి చూపించుకోవచ్చని."

"లేదు, మోకాళ్ళ మీద కూర్చుని..."

"నిన్నూ అడిగిందేమో మరి." అక్క చేతులు ఒళ్ళో పెట్టుకుని వాటినే చూసుకుంది. "ఇన్నాళ్ళూ నా వల్లేననుకున్నా. నీకు చెబితే నన్ను అక్కా అని పిలవ్వేమోనని చెప్పలేదు."

ఇద్దరం ఒకరినొకరం పిచ్చివాళ్ళలా చూసుకున్నాం. ఒకే నేరాన్ని రెండిళ్ళలో రెండు బీరువాల్లో దాచుకున్నాం, తాళాలు వేసి మరీ.

"ఎవరన్నా ఒకటే," అంది అక్క. "నాన్న దగ్గర్నుంచి ఆ నల్ల కాగితం తెచ్చుకున్నా కదా. పోయిన నెల ఆవిరి పట్టి పాసుని ఊడదీశా. నీకు చెబుదామనే ఈ ప్రయాణం పెట్టా, చెప్పడానికి బయల్దేరినప్పట్నుంచీ నోరు రావట్లేదు. వెనక తేదీ ముద్ర ఉందే. మనల్ని అడిగిన రోజుది కాదు. ముందురోజుది."

"అంటే?"

"ముందురోజు సాయంత్రం దారం ఉండ కొనుక్కొస్తానని వెళ్ళింది, గుర్తుందా? ఆ రోజు కొన్నది. మర్నాడు మన ముందు కౌంటర్లో కొన్నవి మూడే. తనది అప్పటికే సంచిలో ఉంది."

హాల్లో చప్పుళ్ళన్నీ ఉన్నచోటే ఉన్నాయి, నేనొక్కదాన్నీ కొంచెం పక్కకి జరిగినట్టయింది. "మరి మనల్ని ఎందుకడిగింది?"

"నువ్వు పాపని అడగవా, ఏ గౌను వేసుకుంటావని? రెండూ నువ్వే తీసి మంచం మీద పెట్టి?"

"నాన్నకి తెలుసా?"

"అంటించింది ఆయనేగా. నాలుగు మూలలా నాలుగు చుక్కలు పెడితే అంటుకునేదానికి మొత్తం జిగురు పూసేశాడు."

కౌంటర్ పైన నలభై ఏడు వెలిగింది. లేచాను. కాళ్ళు ఎంత తేలిగ్గా ఉన్నాయంటే ఒకటి ముందు వెయ్యబోతే రెండోది కూడా దానంతటదే వచ్చేసింది. నేను కాదు. అక్క కాదు. ఎవరమూ కాదు. ముప్ఫై రెండేళ్ళ బరువు దిగిపోతే ఎవరైనా సంతోషపడాలి, నేనూ పడ్డాను, కానీ ఆ బరువే ఇన్నాళ్ళూ నన్ను నేల మీద నిలబెట్టిందని అప్పుడే అర్థమైంది. అద్దం వెనక జలుబు చేసిన అమ్మాయి ముక్కు తుడుచుకుని, "పాసా, టికెట్లా?" అంది. ఇప్పుడు పాసు నీలం రంగులో ఉంది, చిల్లు లేదు, దారం లేదు, దాని మీద పేరు రాసే గీత ఒక్కటే ఉంది. ఆ గీత మీద నా పేరు ఎలా ఉంటుందో కనబడింది. వెనక్కి తిరిగి చూశాను. అక్క సంచి జిప్ పూర్తిగా లాగి, నేను చూశానని తెలుసుకుని, "మాత్రలు ఎప్పుడూ నెలకే కొంటాను, తెలుసుగా!" అని అక్కణ్ణుంచే కేకేసింది. "టికెట్లు," అన్నాను. "రెండు. రానూ పోనూ." అమ్మాయి ఊరు పేరడిగింది. చెప్పాను. తేదీ అడిగింది. చెప్పాను. రెండు కాగితాలు గరగరమని బయటికొచ్చాయి, వాటి మీద మేం ఎక్కడికో, ఎప్పుడు తిరిగొస్తామో, నల్లటి అక్షరాల్లో, ఎవరు అడిగినా రాసుకోవడానికి వీలుగా.

ప్లాట్‌ఫారానికి రెండు పక్కలా రెండు లైన్లు. మా రైలు ఇంకా రాలేదు. రెండోవైపు ఒక రైలు నిలబడి ఉంది, తలుపులు తీసి ఉన్నాయి, దాని మీద వేరే ఊరి పేరు, నేనెప్పుడూ వినని పేరు. అక్క నీళ్ళ సీసా కొంటానని బండి దగ్గరికెళ్ళింది. నేను టికెట్లు చేత్తో పట్టుకుని నిలబడ్డాను. ఎవరూ పిలవలేదు, ఏ చెవిలోనూ ఏమీ వినబడలేదు, ఒట్టు. రెండు మెట్లున్నాయి, ఎక్కాను. లోపల వెచ్చగా ఉంది, కిటికీ పక్క సీటు ఖాళీగా ఉంది, కూర్చున్నాను. ఎదురుగా ఒకాయన ఆరెంజి తొక్క తీస్తున్నాడు. తలెత్తలేదు. ఎవరూ తలెత్తలేదు. ఎక్కడికమ్మా అని ఎవరూ అడగలేదు. సీటు నా వీపుకి కొలత తీసి చేసినట్టుంది. ఇంతేనా అనుకున్నాను. నాన్న ముప్ఫై ఏళ్ళు పంచ్‌లు వెతికాడు, పోలీసులు పదకొండు లైన్లు వెతికారు, ఎక్కడో పెద్ద కారణం ఉండి ఉంటుందని, చీకటిదో, భయంకరమైనదో. ఇంతే. రెండు మెట్లు. నేను నిర్ణయించుకోనే లేదు. అమ్మ మాత్రం ముందురోజే నిర్ణయించుకుందా, లేక ఊరికే కొని సంచిలో వేసుకుని, రెండ్రోజులపాటు చేత్తో తడుముకుని, మూడో రోజు ఎక్కి కూర్చుని, ఇలాగే ఇంతేనా అనుకుందా?

అక్క బండి దగ్గర్నుంచి తిరిగింది. నేను నిలబడ్డ చోటు చూసింది. అటు చూసింది, ఇటు చూసింది. మొదట మామూలుగానే, ఎక్కడ చచ్చిందీ పిల్ల అన్నట్టు. తర్వాత రెండడుగులు గబగబా వేసి ఆగింది. సీసా చంకలో పెట్టుకుని కళ్ళజోడు సర్దుకుంది. "పిచ్చుకా!" అంది. అద్దం లోంచి గొంతు రాలేదు, పెదాలు కనబడ్డాయి. మళ్ళీ అంది, ఈసారి పక్కవాళ్ళు తిరిగి చూసేంత గట్టిగా. ఆ మొహం మారడం చూశాను నేను. నలభై ఆరేళ్ళ మొహం లోపలి నుంచి ఖాళీ అయిపోతూ, చెంపలు పడిపోతూ, పద్నాలుగేళ్ళ పిల్ల బయటికి వచ్చింది. ఆ పిల్లని నేను ఎరుగుదును, కానీ ఎప్పుడూ పక్కన నిలబడి, చెయ్యి పట్టుకుని చూసినదాన్నే. ఇటునుంచి చూడలేదు. కిటికీ ఇవతల కూర్చుని చూడలేదు. ఈ మొహాన్ని అమ్మ చూసి ఉండదు. చూసి ఉంటే దిగిపోయేది. లేదా చూసిందా, ఏదో ఒక రైలు మా లాడ్జి మీదుగానే పోతే, గేటు దగ్గర ఈ మొహాన్ని చూసి, చూస్తూనే కూర్చుందా? రైలు పెద్దగా కూత వేసింది, కాళ్ళ కింద నేల సన్నగా వణికింది, ఎదురుగా ఆయన ఆరెంజి తొన ఒకటి నోట్లో వేసుకున్నాడు.

ఎలా లేచానో గుర్తు లేదు. మెట్ల మీద మోకాలు కొట్టుకుంది, ప్లాట్‌ఫారం నా కింద వెనక్కి జరుగుతోంది, చేతులు చాచి నాలుగడుగులు పరుగెత్తి నిలదొక్కుకున్నాను. ఎవరో తిట్టారు. అక్క వచ్చి నా ముందు నిలబడింది. ఊపిరి అందడం లేదు తనకి.

"ఎక్కడికెళ్ళావే?"

"మనదేననుకుని ఎక్కేశా."

కదిలిపోతున్న రైలు మీద ఊరి పేరు వరసగా దాటిపోతోంది, బోగీ బోగీకీ, అరచెయ్యంత అక్షరాల్లో. అక్క దాన్ని చూసింది. నన్ను చూసింది. నా పిడికిట్లోంచి టికెట్లు రెండూ లాక్కుని, చెమటకి తడిసిన వాటిని కోటుకి రాసి తుడిచి, పర్సులో పెట్టి జిప్ లాగింది. తర్వాత నా ఎడమపక్కకి వచ్చి నిలబడింది, పట్టాలున్న వైపుకి. మాట్లాడాల్సిన పని లేదు గనక ఏ పక్కనైతేనేం.

మా రైలెక్కాక టీసీ వచ్చాడు. అక్క రెండు టికెట్లూ చూపించింది. "ఎవరివి వాళ్ళ దగ్గరే ఉంచుకోండమ్మా, తప్పిపోతే ఇబ్బంది" అన్నాడాయన మర్యాదగా. "ఫరవాలేదు, నా దగ్గరే ఉంటాయి" అంది అక్క. రెండు గంటల దారిలో నిద్రపోలేదు, నా మణికట్టు వదల్లేదు. చిన్న చిన్న స్టేషన్లు వచ్చి పోయాయి. టికెట్ల మీదున్న ఊరి పేరు కనబడగానే లేచింది, సంచి భుజానికి తగిలించుకుంది, తలుపు దాకా నడిపించి, ముందు నన్ను దింపి, నేను రెండు కాళ్ళ మీదా నిలబడ్డానని చూసుకుని, అప్పుడు తను దిగింది.